ఓటి మద్దెల

కెమెరాలు బాగుచేసే మెకానికమ్మ కొట్లో గోడవారగా ఒక అద్దాల బీరువా ఉంది. దాన్ని అందరూ పేరుగొప్ప బీరువా అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే బాపతు కెమెరాలకి అది కాపురం. పత్రికలు ఆకాశానికెత్తినవి, బహుమతులు కొట్టుకొచ్చినవి, తీరా కొన్నాక యజమాని నోట్లో మట్టి కొట్టినవి, అన్నీ అక్కడే ఉంటాయి. విసిగిపోయిన యజమాని "నాకొద్దు, నువ్వే ఉంచుకో" అన్నప్పుడు మెకానికమ్మ ఒక అట్టముక్క తీసి, "ఏమని రాయమంటారు?" అని అడుగుతుంది. ఆ మనిషి అన్న మాట అన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా రాసి, దారంతో కెమెరా మెడకి కడుతుంది. ఆ కొట్టుకి అదొక ఆచారం.

పళ్ల డాక్టరుగారి అట్టముక్క మీద ఇలా ఉంటుంది: "నీళ్లలో మునిగినా ఏమీ కాదన్నారు. ఇద్దరం మునిగాం. నేను తేలాను." పోస్టుమాస్టరుగారి భార్యది ఇలా: "రంగులకి దీన్ని మించింది లేదన్నారు. మా ఇంటిల్లిపాదికీ పచ్చకామెర్లు తెప్పించింది." లెక్కల మాస్టారిది ఇంకా నయం: "దీంతోపాటు నాలుగు వందల పేజీల పుస్తకం ఇచ్చారు. నేను పుస్తకం పూర్తి చేశాను, అది ప్రాణం విడిచింది." రిపేరుకొచ్చినవాళ్లు ఇవన్నీ చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వుతారు.

పై అర దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. అక్కడ ఏడు కెమెరాలున్నాయి, ఏడూ ఒకే రకం. ఏడు అట్టముక్కల మీదా దాదాపు ఒకే మాట. "ఫోటో వణికింది." "నా చెయ్యి బాగానే ఉంది, ఫోటో వణికింది." "నా చేతిలోనే ఏదో జబ్బుందనుకుని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు." వాటి పక్కన ఇంకొక కెమెరా పట్టేంత ఖాళీ ఉంటుంది. "ఇదెవరికమ్మా?" అని అడిగితే, "ఒకాయన రావాలి" అంటుందంతే.

పాము పగ పన్నెండేళ్లంటారు. ఈవిడ పగ పాముని దాటి పదేళ్లయింది.

ఇరవై రెండేళ్ల కిందట ఈవిడ మెకానిక్ కాదు. ఊళ్లోకెల్లా పెద్ద స్టూడియోలో ఫోటోగ్రాఫరు. అప్పట్లో ఆ పనిలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. చెయ్యి అంత నిలకడ మరి! వాళ్లమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. సూదిలో దారం ఎక్కించాలంటే కూతుర్నే పిలిచేది. కూతురు ఎటో చూస్తూ, మాట్లాడుతూనే ఎక్కించేసేది. "మా అమ్మాయిది చెయ్యి కాదు, గోడకి కొట్టిన మేకు" అని ఆ తల్లి బట్టలకొచ్చిన ప్రతివాళ్లతోనూ చెప్పుకునేది.

స్టూడియో ఓనరుది ముందు గదిలో కెమెరాల కొట్టు, వెనక గదిలో స్టూడియో. ఆ ఏడు ఆయన కొత్త రకం కెమెరా దింపాడు. మూడు దేశాల పత్రికలు దాన్ని ఆ ఏటి మేటి కెమెరా అన్నాయట. ఆ కాగితాలన్నీ కత్తిరించి అద్దాలకి అంటించాడు. దానికి మహారాజు అని ముద్దుపేరు కూడా పెట్టాడు. వచ్చినవాళ్లకల్లా, "మహారాజుని తీసుకెళ్లండి, ఇంక మీరు తప్పు ఫోటో తీద్దామన్నా తియ్యలేరు" అనేవాడు. జనం ఎగబడి కొన్నారు. ఆయన తన సొంతానికి ఒకటి ఉంచుకుని, పెద్ద పెద్ద పనులకి దాన్నే వాడమన్నాడు.

ఆ పెద్ద పని ఒకటి ఈమె నెత్తిన పడింది. నూలుమిల్లు మూసేస్తున్నారు. నూట నలభై మంది కార్మికులు ఆఖరిసారి మిల్లు హాల్లో నిలబడి ఫోటో దిగాలన్నారు. ఆ సాయంత్రానికే ఎవరి దారి వాళ్లది. మళ్లీ ఆ నూట నలభై మంది ఒక్కచోట చేరేది లేదు. హాల్లో వెలుతురు మసక మసకగా ఉంది. ఆమె కెమెరాని స్టాండు మీద బిగించింది. ఊపిరి బిగబట్టి, వేలు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలకుండా ఆరు ఫోటోలు తీసింది.

రీలు కడిగి చూస్తే ఆరూ వణికాయి. ప్రతి మొహం పక్కనా ఇంకో మొహం నీడలా ఉంది. ముప్పై ఏళ్లు యంత్రాల దగ్గర నిలబడ్డ మనుషులు ఆ ఫోటోలో ఎవరు ఎవరో తెలియకుండా పోయారు.

మిల్లు మేనేజరు ముందు గదిలో నిలబడి కేకలేశాడు. కొట్టు నిండా కొనేవాళ్లున్నారు. ఓనరు ఆమెని లోపలి నుంచి పిలిచాడు.

"ఇదేం పనమ్మాయ్?"

"చెయ్యి కదల్లేదు సార్. స్టాండు మీద పెట్టే తీశాను. కెమెరాలోనే ఏదో తేడా ఉంది. ఒక్కసారి విప్పి చూపించండి సార్."

ఆయన మొహంలోకి చూసింది. ఆరేళ్లుగా ఆ చెయ్యి పని చూసిన మనిషి. ఎవరు కాదన్నా, ఈయనైనా కెమెరాదే తప్పంటాడని ఆమె ఆశ.

ఓనరు ఆమెకేసి చూడలేదు. కొట్లో ఉన్నవాళ్లకేసి తిరిగి నవ్వాడు. "విన్నారుటండీ? ఆడలేక మద్దెల ఓడందిట! ప్రపంచమంతా మెచ్చిన కెమెరాలో లోపముందిట, ఈవిడగారి చేతిలో లేదుట! చెయ్యి వణికే మనిషికి మహారాజుని అప్పజెప్పాను, నాదే బుద్ధి తక్కువ."

అందరూ నవ్వారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆ పూటే పనిలోంచి తీసేశాడు. సరే, తీసేస్తే తీసేశాడు, అక్కడితో వదిలాడా? అడిగిన ప్రతి స్టూడియోవాడికీ అదే మాట చెప్పాడు. వారం తిరక్కుండా ఆమెకి వణుకుడమ్మ అని పేరొచ్చింది. ఆ పేరు ముందు వెళ్లి తలుపు దగ్గర కూర్చునేది, ఈమె వెనకాల వెళ్లి ఉద్యోగం అడిగేది. ఎవడిస్తాడు?

వీటన్నిటికన్నా ఇంట్లో జరిగింది ఎక్కువ మండించింది. అమ్మ ఆమెని దారం ఎక్కించమని పిలవడం మానేసింది. కూతురు నొచ్చుకుంటుందని ఆవిడ భయం. కళ్లజోడు పెట్టుకుని, దారం కొస తడి చేసుకుని, పదిసార్లు గురి తప్పుతూ తనే ఎక్కించుకునేది. అది చూసినప్పుడల్లా కూతురికి ఓనరు పీక పిసకాలనిపించేది. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించేది.

కెమెరాలు బాగుచేసే ముసలాయన ఒకాయనుండేవాడు. అందరికీ ఆయన బాబాయే. ఆయన దగ్గరికి వెళ్లి, "పని నేర్పు బాబాయ్" అంది.

"ఎందుకు తల్లీ, ఫోటోలు తీసే దానివి?"

"కెమెరా లోపల ఏముందో చూడాలి."

"ఎవరి కెమెరా లోపల?" అని అడిగి, ఆమె మొహం చూసి, ఇంకేం అడక్కుండా పీట చూపించాడు.

నేర్పాడు. విప్పిన స్క్రూలని విప్పిన వరసలోనే సీసామూతల్లో వేసి, మూతల మీద అంకెలు వేసుకోవడం నేర్పాడు. ఆమె పళ్లు నూరుతూ స్క్రూ తిప్పితే చేతిమీద ఒక్కటేసేవాడు. "కోపంగా తిప్పకే, మర పోతుంది. కోపం ఎక్కడికీ పోదు, రేపైనా ఉంటుంది. మర ఉండదు." ఆమె కోపాన్ని పక్కన పెట్టి తిప్పడం నేర్చుకుంది. పక్కన పెట్టింది గానీ పారెయ్యలేదు.

ఏడాది తిరిగాక మొదటి మహారాజు రిపేరుకొచ్చింది. కంసాలి ఒకాయన తెచ్చాడు. బంగారం మీద వెంట్రుకవాసి గీత గీసే మనిషి, తన ఫోటోలు వణుకుతున్నాయని సిగ్గుపడుతూ తెచ్చాడు. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టుకుంది. పొద్దుటి నుంచీ విప్పింది, బిగించింది, చూసింది. ఏమీ దొరకలేదు. మధ్యాహ్నం అమ్మ టీ గ్లాసు తెచ్చి కెమెరా పక్కనే పెట్టింది. ఆమె తాగకుండా, చెయ్యి తగలకుండా, పొడుగు తీగతో బటన్ నొక్కింది. టప్పుమంది. గ్లాసులో టీ గజగజలాడింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ టీ మీద అలలొచ్చాయి.

"అమ్మా!" అని కేకేసింది.

బటన్ నొక్కగానే కెమెరాలో అద్దం ఒకటి పైకి లేస్తుంది. అది లేచి తగిలే చోట మెత్తటి స్పాంజి పట్టీ ఉంటుంది, దెబ్బ తెలియకుండా. మహారాజులో ఆ పట్టీ నాసిరకం. కొన్ని నెలలకే పొడిపొడిగా రాలిపోతుంది. ఇంక అద్దం వెళ్లి ఇనుముకి కొట్టుకుంటుంది, కెమెరా మొత్తం అదురుతుంది. ఎండలో తీస్తే తేడా తెలియదు. మసక వెలుతురులో, లోపలి తెర కాసేపు తెరుచుకుని ఉండాల్సినప్పుడు, ఆ అదురంతా ఫోటోలోకి దిగుతుంది. స్టాండు మీదున్నా దిగుతుంది. నూట నలభై మంది మొహాలు చెరిపింది గోరంత స్పాంజి ముక్క.

అమ్మ కాసేపు ఆ గ్లాసుకేసి, కాసేపు కూతురికేసి చూసింది. లోపలికెళ్లి సూదీ దారం తెచ్చి, "ఎక్కించు" అంది. కూతురు ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. తర్వాత ఇద్దరూ కూర్చుని ఓనరుని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే కాగితం కాలిపోతుంది.

సంగతి విని బాబాయి పాత కాగితాల కట్ట విప్పి ఒక ఉత్తరం తీశాడు. కంపెనీవాళ్లు అమ్మేవాళ్లకీ మెకానిక్కులకీ అందరికీ పంపింది. పట్టీ పాడవుతోంది, అమ్మిన ప్రతి కెమెరానీ వెనక్కి పిలిచి ఉచితంగా మార్చి ఇవ్వండి అని అందులో ఉంది. తేదీ చూస్తే మిల్లు ఫోటోకి రెండు నెలల ముందుది. "ఆయన మార్పించే ఉంటాడనుకున్నా తల్లీ. నువ్వు చెప్పేదాకా నాకు తట్టలేదు" అని బాబాయి తల పట్టుకున్నాడు.

ఆమె ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా స్టూడియోకి వెళ్లింది. ఓనరు దూరం నుంచే చూశాడు. కాగితం చదవను కూడా లేదు.

"నాకే ఉత్తరమూ రాలేదు. ఏమ్మాయ్, ఆ వణుకు ఇంకా తగ్గలేదా?"

మళ్లీ కొట్టంతా నవ్వింది. ఈసారి ఆమె తల దించుకోలేదు. గడప దిగుతూ తనలో అనుకుంది: నువ్వే వస్తావు. నీ చేత్తో నువ్వే తెచ్చి నా బల్ల మీద పెడతావు.

ఏళ్లు గడిచాయి. బాబాయి పోతూ పోతూ కొట్టు ఆమెకి అప్పజెప్పాడు. వణుకుడమ్మ పేరు మెల్లగా చెరిగి మెకానికమ్మ అయింది. అందరి మహారాజులకీ పట్టీలు మార్చింది. వద్దనుకున్నవాళ్లవి పై అరలో పెట్టింది. ఉత్తరాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించింది. ఓనరు ఎప్పుడు కుదేలవుతాడా అని ఎదురుచూసింది. ఆమె చెయ్యాల్సిన పని ఫోన్లు చేసేశాయి. అందరి జేబుల్లోకీ కెమెరా వచ్చేసరికి ఆయన ముందు గదీ మూతపడింది, వెనక గదీ మూతపడింది. ఆ సంగతి తెలిసిన రోజు మెకానికమ్మకి సంతోషం వెయ్యలేదు సరికదా, తన నోటి దగ్గరి కూడు ఎవరో లాక్కున్నట్టు ఒళ్లు మండింది.

అప్పుడొచ్చాడాయన, ఒక పొద్దున. డెబ్భై దాటాయి. సంచీలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టేటప్పుడు అది బల్ల మీద టకటకమని నాలుగుసార్లు తగిలింది. ఆమె ముందు ఆ చేతుల్నే చూసింది, తర్వాత మొహం చూసింది.

"మనవరాలు పుట్టిందమ్మాయ్. ఫోన్లో తీస్తే అదేం ఫోటో? అందుకని మహారాజుని దింపాను. అన్నీ వణుకుతున్నాయి. కెమెరాలో ఏదో తేడా వచ్చింది. నువ్వు బాగా చేస్తావని అందరూ అంటున్నారు."

"పది రోజులు పడుతుంది సార్" అంది.

ఆయన వెళ్లాక విప్పింది. అదే కెమెరా. మిల్లు హాల్లో స్టాండు మీద తను బిగించిన కెమెరానే. లోపల అదే పాత పట్టీ, వేలు తగిలితే బూడిదలా రాలింది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా మార్చలేదు. ఆ బూడిదని జాగ్రత్తగా ఒక సీసామూతలో పోసి పక్కన పెట్టింది.

అమ్మ ఇప్పుడు కొట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. "ఒక్క స్క్రూ వదులుగా వదిలెయ్యవే. చచ్చినట్టు తిరుగుతాడు" అంది.

మెకానికమ్మకీ ఆ ఆలోచన రాకపోలేదు. పావు చుట్టు చాలు. కానీ వదల్లేదు. ఒక్క లోపం మిగిలినా ఆయనకి దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. అందుకని తన బతుకులో ఏ కెమెరాకీ చెయ్యనంత శ్రద్ధగా చేసింది. కొత్త పట్టీ వేసింది, ప్రతి స్ప్రింగూ చూసింది, లెన్సు లోపలి బూజు తుడిచింది. బల్ల మీద నిండు గ్లాసు పెట్టి నొక్కింది. నీళ్లు కదల్లేదు. తర్వాత రీలు వేసి, స్టాండు లేకుండా, తలుపు సగం మూసిన మసకలో, అమ్మని కూర్చోబెట్టి చేత్తో తీసింది. కడిగి చూస్తే అమ్మ కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ ప్రింటుని అలా చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

పదో రోజు ఆయన వచ్చాడు.

"మీరే ఒక ఫోటో తీసి చూసుకోండి సార్. మా అమ్మ అదే కుర్చీలో ఉంది. వెలుతురూ అదే."

ఆయన కెమెరా ఎత్తాడు. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, నాలుగు తీశాడు. ఆమె వెనక గదిలోకి వెళ్లి కడిగి, ఒకటి ప్రింటు వేసి తెచ్చింది. తనదీ ఆయనదీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

అమ్మ కుర్చీలోంచి వంగి చూసింది. "అయ్యో రామ, నాకు రెండు ముక్కులు తెప్పించాడే!"

ఓనరు నవ్వలేదు. రెండు ప్రింట్లనీ మార్చి మార్చి చూశాడు.

మెకానికమ్మ సీసామూత ముందుకు జరిపింది. "ఇది మీ కెమెరాలోంచి రాలిన పట్టీ సార్. ఇది మార్చమనే ఆ ఉత్తరం వచ్చింది."

ఆయన గోడకేసి చూశాడు. అద్దం కట్టిన కాగితాన్ని ఈసారి కింద తేదీ దాకా చదివాడు.

"వచ్చింది" అన్నాడు. "సొరుగులో పెట్టేశాను. అప్పటికే ఊరు నిండా అమ్మాను. మహారాజులో లోపముందని నా నోటితో నేనే చెప్పుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అందుకని ఆ లోపం నా చేతిలో పెట్టారు."



ఇరవై రెండేళ్లు నోట్లో నానిన మాట ఇప్పుడు బయటికొచ్చింది. తొందరపడకుండా, ఒక్కో మాటా వినపడేలా అంది: "ఇప్పుడు ఈ కెమెరాలో ఏ లోపమూ లేదు సార్. చెయ్యి వణుకుతోంది."

చెప్పొద్దూ, ఆ మాట అంటుంటే ఒళ్లంతా చల్లబడింది. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం కళ్లారా చూసింది. చూపు తిప్పుకోవాలని కూడా అనిపించలేదు. ఆయన కెమెరా బెల్టు మెడలో వేసుకోబోయాడు. చేతులు తడబడి అది చెవి దగ్గర చిక్కుకుంది. అమ్మ మనసు ఆగక లేవబోయింది. కూతురు కళ్లతోనే కూర్చోమంది.

కాసేపు పెనుగులాడి, బెల్టు తీసేసి, ఆయన కెమెరాని మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "నాకెందుకింక. నువ్వే ఉంచుకో."

ఆమె అట్టముక్క తీసింది, పెన్ను మూత తీసింది. అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఏమని రాయమంటారు సార్?"

ఆయన పై అరలో ఉన్న ఏడింటినీ, పక్కనున్న ఖాళీనీ చూశాడు.

"మూడేళ్లయిందమ్మాయ్ ఇది మొదలై. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వైనా కెమెరాదే తప్పంటావనుకున్నాను."

ఆమె రాసింది. నువ్వైనా కెమెరాదే తప్పంటావనుకున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు. దారం కట్టి, ముడి బిగించి, అప్పుడు తలెత్తింది.

"ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను సార్" అంది.